గబ్బిలం పిల్లకు పాలెవరిచ్చారు?

గాలి సోకింది, దయ్యం పట్టింది అనేవాళ్ళను చూస్తే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్ళు మంట. మా ఊళ్ళో ఎవరికి జ్వరం వచ్చినా వేపమండలు పట్టుకుని తయారయ్యేవాళ్ళు. "గాలి సోకుతే ఫ్యాన్ కింద పండేటోల్లందరికీ సోకాలె గదా" అని నేను వాదన పెట్టుకుంటే మా అమ్మ నా నెత్తిన ఒక మొట్టికాయ వేసేది. ఇప్పటికీ నాది అదే మాట. ఇది దయ్యం కథ అని నేను అనడం లేదు. మరి ఏం కథ అని అడిగితే చెప్పలేను. అదే నా బాధ.

తెలంగాణ రాకముందు, బంద్‌లూ రాస్తారోకోలూ జోరు మీద ఉన్న రోజులవి. నాచారం పారిశ్రామికవాడలో ఒక చిన్న ప్రైవేటు పరిశోధన సంస్థ ఉండేది. అందులో నేను జంతువుల గదులు చూసుకునే పని చేసేవాణ్ణి. అంతకుముందు భువనగిరి దగ్గర కోళ్ళఫారంలో ఉన్నాను. కోళ్ళను సాకినవాడు గబ్బిలాలను సాకలేడా అని తెలిసినాయన ఒకరు నన్ను అక్కడ చేర్పించారు. కోడికీ గబ్బిలానికీ ఏం పోలికో ఆయనకే తెలియాలి.

మా దగ్గర ఉన్నవి పండ్లు తినే గబ్బిలాలు. అరటి, జామ, బొప్పాయి ముక్కలు కోసి తీగలకు గుచ్చి వేలాడదీస్తే, తలకిందులుగా వేలాడుతూనే రసం పీల్చి పిప్పి ఉమ్మేస్తాయి. వాటిని పట్టి తెచ్చి సాకడం ఒక ఎత్తు, బోనులో పిల్లలు పెట్టించడం ఇంకో ఎత్తు. తల్లి తన పిల్లను గొంతు బట్టి ఎలా గుర్తుపడుతుందో తెలుసుకోవాలని మా డాక్టర్ మేడం పరిశోధన. అందుకు పిల్లలు పుట్టాలి కదా, అవి పుట్టేవి కావు. మేడం కాకినాడ వైపు మనిషి, మంచిదే కానీ పనిలో తేడా వస్తే ఊరుకునేది కాదు.

ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. గబ్బిలాలు తిరిగేది రాత్రి, మేము పని చేసేది పగలు. అందుకని వాటి పొద్దును తిప్పేశారు. రాత్రంతా గదిలో లైట్లు వెలిగేవి, పొద్దున్న వాటంతటవే ఆరిపోయేవి. బయట ఎండ మండిపోతుంటే లోపల అవి రాత్రి అనుకుని ఎగిరేవి. మేము చిన్న ఎర్ర బల్బు వెలుతురులో తిరిగేవాళ్ళం. మిట్టమధ్యాహ్నం వాటికి అర్ధరాత్రి అన్నమాట. నేను చెప్పబోయేదంతా ఆ పట్టపగటి చీకటిలో జరిగిందే.

నాతో పాటు యాదగిరి అన్న అని మౌలాలి నుంచి వచ్చేవాడు. లోపలికి వెళ్ళేది మేమిద్దరం, మేడం, అంతే. కుక్క కరిస్తే వేసే సూదులు మా ముగ్గురికీ ముందే వేశారు. గదికి రెండు తలుపులు. బయటి తలుపు మూశాకే లోపలిది తీయాలి, లేకపోతే ఎగిరిపోతాయి. ఆ రెండు తలుపులకు ముందు పండ్లు కోసే గది. అక్కడ పండ్లు కోసేది నా భార్య రేణుక. తలుపులు దాటి లోపలికి పోవడానికి ఆమెకు అనుమతి లేదు.

రేణుక మా మేనత్త కూతురే. ఆ ఎండాకాలం మాకు మొదటి బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. పుట్టగానే ఊపిరి సరిగా ఆడక దవాఖానాలో గాజుపెట్టెలో పెట్టారు, అక్కడే పోయింది. బతికి ఉండగా బిడ్డను రేణుక చేతికి ఇవ్వనే లేదు. మేనరికం చేసుకుంటే గిట్లనే అయితదని చుట్టాలు గొణిగారు. పక్కింటి మేనరికం జంటకు నలుగురు పిల్లలు దుక్కల్లా ఉన్నారు, వాళ్ళ సంగతేందని నిలదీశాను.

బిడ్డ పోయింది కానీ రేణుకకు పాలు ఆగలేదు. రాయిలా గట్టిపడి, జ్వరం వచ్చి, ఆమె పడ్డ బాధ నేను చూడలేకపోయేవాణ్ణి. మా అత్త మల్లెపూలు తెచ్చి కట్టింది. పాలు ఇంకిపోవడానికి మా వైపు అలాగే కడతారు. పూలు వాడిపోయేవి, పాలు మాత్రం ఇంకేవి కావు. ఉప్పల్‌లో లేడీ డాక్టర్ మందులు రాసిచ్చి, కొద్ది రోజుల్లో అదే తగ్గుతుందని చెప్పింది. నెల దాటినా తగ్గలేదు.

చిలకానగర్‌లో మా అద్దె గదిలో నాలుగు గోడల మధ్య కూర్చుంటే పిచ్చెక్కుతోందని రేణుక మళ్ళీ పనికి వస్తానంది. మా అత్త ఒప్పుకోలేదు. "గబ్బిలాయి జొచ్చిన ఇల్లు పాడువడ్డట్టే అంటరు. గసొంటి చోటికి పచ్చి బాలింతరాలిని తోల్కపోతవా?" అని నా మీద లేచింది. ఆ మాటలు నేను పట్టించుకోలేదు. మనిషి నలుగురిలో తిరిగితే కుదుటపడుతుందని నేనే తీసుకెళ్ళాను.

అప్పుడే, వానలు మొదలయ్యాక, బోనులో మొట్టమొదటిసారి ఒక గబ్బిలం ఈనింది. మేడం సంతోషం చెప్పనలవి కాదు, మా అందరికీ మిఠాయి పంచింది. రెండో రోజు తల్లి చచ్చిపోయింది. పిల్ల దాని రొమ్మును కరుచుకునే ఉంది. పిల్లను విడిపించేటప్పుడు మేడం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది కూడా ఆడపిల్లే. పేర్లు పెట్టవద్దని మేడం ఆర్డరు, అయినా యాదగిరి అన్న దాన్ని "పోరి" అనేవాడు.

పోరిని బతికించడం ఇక మా మెడకు పడింది. పెద్ద బోను పక్కనే ఉన్న చిన్న అరలో, మూత ఉన్న బుట్టలో, గుడ్డకు వేలాడేలా పెట్టి కింద వెచ్చదనం ఏర్పాటు చేశాం. మేకపాలు పలచన చేసి చుక్కలు చుక్కలుగా పోసేవాళ్ళం. పొద్దంతా కొద్ది గంటలకొకసారి పోయాలి, రాత్రికి మేడం ఇంటికి తీసుకెళ్ళేది. తాగక ముందు ఒకసారి, తాగాక ఒకసారి త్రాసులో తూచేవాళ్ళం. గబ్బిలం పిల్ల పొట్ట మీద చర్మం పలచగా ఉంటుంది, తాగిన పాలు తెల్లగా కనిపిస్తాయి. పోరి సరిగా తాగేది కాదు. మొహం తిప్పుకునేది, సగం ఉమ్మేసేది, రోజురోజుకూ తగ్గిపోయేది. ఇది బతకదని నేను నాలోనే తీర్మానం చేసుకున్నాను.

ఆకలేస్తే సన్నగా అరిచేది. చెవిలో సూది పెట్టినట్టు ఉండే అరుపు. రెండు తలుపుల అవతల జామకాయలు కోస్తున్న రేణుకకు కూడా అది వినిపించేది. మొదటి రోజే ఆమె కత్తి పక్కన పెట్టి గోడ వైపు తిరిగి కూర్చుంది. రవికె తడిసిపోయింది. నాకు సిగ్గూ భయమూ రెండూ వేశాయి. గబగబా నా తువ్వాలు కప్పి ఇంటికి తీసుకెళ్ళాను. లేడీ డాక్టర్‌ను అడిగితే, ఏ పసిపిల్ల ఏడుపు విన్నా తల్లికి పాలు చేపు రావడం మామూలేనంది. గబ్బిలం అని నేను చెప్పలేదు. చెబితే నన్నే పిచ్చాసుపత్రికి పంపేదేమో.

ఇంత వరకూ నాకు అర్థమయ్యే సంగతే. ఆ తర్వాత నుంచే అర్థం కావడం ఆగిపోయింది.

ఒక మధ్యాహ్నం నేను పాలు పట్టడానికి వెళ్తే పోరి అరవడం లేదు. చచ్చిందనుకున్నాను. మూత తీసి చూస్తే నిద్రపోతోంది, పొట్ట తెల్లగా నిండుగా ఉంది. తూచాను. పొద్దున తాగించాక ఎంత బరువుందో అంతకన్నా ఎక్కువ ఉంది. ఏ ప్రాణి అయినా తిండి లేకపోతే బరువు తగ్గుతుంది కానీ పెరుగుతుందా? యాదగిరి అన్నను అడిగితే, "నాకేం దెల్వది తమ్మీ, నేనప్పుడు రైలు ఫాటక్ కాడ చాయ్ తాగుతున్న" అన్నాడు. మరునాడు మధ్యాహ్నం కూడా అంతే. ఆ మరునాడు కూడా.

మేడం మా ఇద్దరినీ నిలబెట్టి గట్టిగా అడిగింది. "జాలిపడి ఎక్కువ పోస్తున్నారా? చెప్పండి, ఏమీ అనను. కానీ నాకు చెప్పకుండా పోస్తే లెక్కంతా పాడైపోతుంది." యాదగిరి అన్న మౌలాలి పెద్దగుట్ట దర్గా మీద ఒట్టు పెట్టాడు. నేను ఒట్లు పెట్టే రకం కాదు కాబట్టి ఊరికే కాదన్నాను. పెద్ద బోనులోంచి ఏ ఆడదైనా వచ్చి ఇచ్చిందా అంటే, బుట్టకు మూత, అరకు తలుపు, పైగా పాలిచ్చే ఆడది ఆ బోనులో ఒక్కటీ లేదు.

ఆ సాయంత్రం బుట్టలో గుడ్డ మారుస్తుంటే పోరి కక్కిన పాల మరక కనిపించింది. మేకపాల వాసన ఎలా ఉంటుందో మా ఊరివాళ్ళకు చెప్పక్కర్లేదు, ఆమడ దూరం కొడుతుంది. ఆ మరకకు ఆ వాసన లేదు. కమ్మగా, పసిపిల్లల దగ్గర వచ్చే వాసన వచ్చింది. ఆ గుడ్డ మేడం కంట పడకుండా వెంటనే ఉతికేశాను.

ఎందుకంటే అప్పటికి కొన్ని రోజులుగా రేణుకకు నొప్పి తగ్గింది. జ్వరం లేదు. అన్నం తింటోంది. మల్లెపూలు కట్టడం కూడా మానేసింది.

నేను ఏమనుకున్నానో మీకు అర్థమయ్యే ఉంటుంది. మేము అన్నానికి వెళ్ళినప్పుడు మధ్యాహ్నం ఆ ముందు గదిలో ఉండేది ఆమె ఒక్కతే. తాళంచెవి గోడ మేకుకు వేలాడుతుండేది. బిడ్డను పోగొట్టుకున్న మనిషి, గుండె ఆగక తలుపు తీసి ఉంటుంది. కోపం రాలేదు నాకు, భయమేసింది. అవి కరిస్తే ప్రాణం మీదికి వస్తుంది, ఆమెకు సూదులు కూడా వేయలేదు. అంతకన్నా పెద్ద భయం, ఆమె మనసు చెదిరిపోయిందేమోనని. బిడ్డ ఎలాగూ పోయింది, ఈమె కూడా నా చేయి జారిపోతే నేనేం కావాలి?

వెంటనే అడగలేదు. ముందు తాళంచెవి మేకు నుంచి తీసి మొలతాడుకు కట్టుకున్నాను. రెండో తాళంచెవి యాదగిరి అన్న దగ్గర, మూడోది మేడం దగ్గర. మధ్యాహ్నం అన్నానికి వెళ్ళకుండా ఆ తలుపుకు ఎదురుగానే కూర్చున్నాను. రేణుక నా కళ్ళ ముందే బొప్పాయి కోస్తోంది. లోపల పోరి అరవడం మొదలుపెట్టింది. కాసేపటికి అరుపు టక్కున ఆగింది. రేణుక చేతిలో కత్తి కూడా ఆగింది. కళ్ళు మూసుకుని కాసేపు అలాగే ఉండి, కొంగు సర్దుకుని మళ్ళీ కోయడం మొదలుపెట్టింది. నేను లోపలికి పరుగెత్తాను. పొట్ట నిండుగా ఉంది.

ఇంటికి వచ్చాక అడిగేశాను. "నిజం జెప్పు రేణుకా, ఆ పిల్లకు పాలు నువ్వే ఇస్తున్నవా?"

ఆమె నా మొహం చూసి, "నేను లోపలికెట్ల వోత బావా? తాళపు చెవి నీ మొలకే ఉండె గద" అంది.

"మరి నొప్పి ఎట్ల తగ్గింది?"

"తగ్గింది. తగ్గుతె మంచిదే గద? ఎందుకు తగ్గిందో నాకేమెర్క?"

ఆమె అబద్ధం ఆడుతోందని నాకు అనిపించలేదు. అలాగని నమ్మకమూ కుదరలేదు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. తెల్లారగానే ఆమెను ఉప్పల్ రింగురోడ్డులో భువనగిరి బస్సు ఎక్కించి, బీబీనగర్ దాటాక ఉన్న మా అత్త ఊళ్ళో దింపి వచ్చాను. పది రోజులు తల్లి దగ్గర ఉంటే తేలిపోతుందనుకున్నాను. పాలిచ్చేది ఆమె అయితే పోరి మళ్ళీ ఎండిపోవాలి.

పోరి ఎండిపోలేదు. మధ్యాహ్నం అయ్యేసరికి పొట్ట నిండేది. ఒకవైపు హమ్మయ్య అనిపించింది, నా భార్య ఏ తప్పూ చేయలేదు. ఇంకోవైపు, మరి ఎవరు?

ఆదివారం రేణుకను చూడడానికి ఊరు వెళ్ళాను. మేడం ఏదో మీటింగ్ అని ఢిల్లీ వెళ్ళింది. అందుకని ఆ రాత్రులు పోరి అరలోనే ఉండాల్సి వచ్చింది. ఆదివారం సాయంత్రం యాదగిరి అన్న కడుపునిండా పట్టి తాళం వేయాలి, సోమవారం పొద్దున్నే నేను వచ్చి తీయాలి, ఇదీ మా ఒప్పందం. యాదగిరి అన్న తాళం వేసి, బామ్మర్ది ఇంట్లో దావత్ ఉందని ఆ సాయంత్రమే జనగామ వెళ్ళిపోయాడు.

సోమవారం పొద్దున్న లేచేసరికి బంద్. బస్సు లేదు, ఆటో లేదు. ఘట్‌కేసర్ దగ్గర రోడ్డు మీద టైర్లు తగలబెట్టారని, రోడ్డు మీదే వంటావార్పు చేస్తున్నారని కబురు వచ్చింది. నేను కూడా తెలంగాణ కావాలన్నవాణ్ణే. కానీ ఆ రోజు మాత్రం, ఒక్క బస్సును పోనిస్తే మీ సొమ్మేం పోయిందిరా అని తిట్టుకున్నాను. జనగామకు ఫోన్ చేస్తే యాదగిరి అన్న కూడా అక్కడే చిక్కుకుపోయాడు. సంస్థ గేటు దగ్గర ఉన్న కాపలా ముసలాయనకు ఫోన్ చేశాను. ఆయన దగ్గర గబ్బిలాల గది తాళంచెవి లేదు. ఉన్నా లోపలికి పోయేవాడు కాదు, ఆయనకు గబ్బిలమంటే హడల్.

అంత పసిపిల్ల పొద్దంతా పాలు లేకుండా బతకదు. నేను మా అత్త ఇంటి ముందు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. రేణుక అరుగు మీద కూర్చుని చేటలో పెసలు ఏరుతోంది. ఎండ నడినెత్తికి వచ్చింది.

ఏరుతున్న చేయి ఆగింది. చేట పక్కన పెట్టి, గోడ వైపు తిరిగి, కొంగు కప్పుకుంది. నాచారంలో తలుపు ముందు చూసిందే మళ్ళీ చూశాను. తేడా ఒక్కటే. ఇక్కడ ఏ పిల్లా అరవడం లేదు. పోరి ఎంత దూరంలో ఉందో మీరే ఆలోచించండి.

కాసేపటికి తలెత్తి, మామూలు మాట చెప్పినట్టే చెప్పింది. "ఫికర్ జేయకు బావా. పిల్ల తాగుతున్నది."

నేను అరిచాను. ఏం మాటలివి, తలకాయ ఉందా అని నోటికొచ్చినట్టు అరిచాను. మా అత్త లోపలి నుంచి వచ్చి కూతురిని చూసి, నెత్తి కొట్టుకుంది. "అయ్యో నా బిడ్డకేమాయెరా! నేను జెప్తనే ఉంటి, ఆ గబ్బిలాల కాడికి వద్దని. నడువు, మంత్రం ఏసేటాయన కాడికి తోల్కపోదాం." జీవితంలో మొదటిసారి, పోదామా అని నాకూ అనిపించింది. అయినా వద్దన్నాను. రేణుక ఏడవడం లేదు, వణకడం లేదు, కళ్ళు తేటగా ఉన్నాయి. బిడ్డ పోయాక అంత నెమ్మదిగా ఉన్న మొహం నేను చూడలేదు.

మా అత్త లోపలికి వెళ్ళాక రేణుక మెల్లగా అంది. "దాని గోర్లు వెరిగినయ్ బావా. గుచ్చుకుంటున్నయ్."

చూపించింది. రొమ్ము చర్మం మీద రెండు చిన్న గీతలు, కొక్కెంలా వంపు తిరిగినవి, పచ్చిగా ఉన్నాయి. గబ్బిలం పిల్ల తల్లిని పట్టుకునేది రెక్క మీది బొటనవేలి గోరుతో. ఆ సంగతి రేణుకకు నేను ఎప్పుడూ చెప్పలేదు. ఆమె ఆ పిల్లను ఒక్కసారి కూడా చూడలేదు. చేటలో ఈనె గుచ్చుకుని ఉంటుంది, పిన్నీసు గీసుకుని ఉంటుంది, నాకు తోచినవన్నీ చెప్పుకున్నాను. ఆమె మళ్ళీ చేట ముందుకు లాక్కుంది.

మంగళవారం కూడా బంద్ పొడిగించారు. మధ్యాహ్నం దాటాక ఒక దోస్తు బండి మీద, పొలాల దారులు పట్టి, మల్లాపూర్ వైపు నుంచి నాచారం చేరాను. పాతిపెట్టడానికి ఒక పాత గుడ్డ కూడా జేబులో పెట్టుకున్నాను. రేణుకకు ఏం చెప్పాలో దారి పొడవునా ఆలోచించాను. పిల్ల చచ్చిపోయిందంటే ఆమె తట్టుకోదు. బతికే ఉందని అబద్ధం చెబితే, మధ్యాహ్నం తాగిందని ఆమె చెప్పిన ప్రతిసారీ నేను తలూపాలి.

తాళం వేసింది వేసినట్టే ఉంది. రెండు తలుపులూ దాటి వెళ్తే పెద్ద బోనులో గోల గోలగా ఉంది. పండ్లు లేక అవన్నీ ఆకలితో తీగల వెంట కొట్టుకుంటున్నాయి. పిప్పి కూడా మిగల్చలేదు. నీళ్ళ గిన్నెలు ఎండిపోయాయి. అంటే ఆ రెండు రోజులూ లోపలికి ఎవరూ రాలేదు. వచ్చినవాడెవడైనా ఆ ఆకలి చూసి ఒక్క అరటిపండైనా పడేయకుండా పోడు.

అర తలుపు తీసి, బుట్ట మూత తీశాను. పోరి గుడ్డకు వేలాడుతూ నిద్రపోతోంది. పొట్ట తెల్లగా, నిండుగా ఉంది. మూతి దగ్గర పాల తడి ఇంకా ఆరలేదు. చేతిలోకి తీసుకుంటే బొటనవేలి గోరు నా తొడుగులోంచి గుచ్చుకుంది.

పెద్దవాటికి పండ్లు కోసి పెట్టాలని గుర్తు రావడానికి చాలాసేపు పట్టింది.

మేడం వచ్చాక తాళం సంగతి, ఆకలి సంగతి చెప్పాను. రేణుక సంగతి మాత్రం చెప్పలేదు. యాదగిరి వచ్చి ఉంటాడంది మేడం. ఆయన జనగామలో ఉన్నట్టు ఇరవై మంది సాక్ష్యం చెబుతారన్నాను. తిండి లేనప్పుడు చిన్న ప్రాణులు ఒళ్ళు చల్లబరుచుకుని, ఊపిరి తగ్గించుకుని బతుకుతాయి, అలా బతికి ఉంటుందంది. "బతికిందనుకుందాం మేడం, మరి బరువెందుకు పెరిగింది?" అన్నాను. ఆమె పోరిని రెండుసార్లు తూచింది. త్రాసు పాడైనట్టుంది, కొత్తది తెప్పిద్దాం అంది. కొత్త త్రాసు వచ్చింది, అదే చూపించింది. ఆ తర్వాత మేడం నన్ను ఆ విషయం అడగలేదు.

పోరి పెరిగింది. ఒక రోజు మెత్తటి అరటిపండు ముక్క తనంత తానే పట్టుకుని నాకింది, ఆ మధ్యాహ్నం నుంచి పొట్టలో తెలుపు కనిపించలేదు. అదే వారం మా అత్త ఫోన్ చేసి, రేణుకకు పాలు పూర్తిగా ఇంకిపోయాయని, మొక్కు తీర్చుకున్నానని చెప్పింది. ఏ దేవునికో నేను అడగలేదు. ఎప్పుడో ఒకప్పుడు తల్లులందరికీ ఇంకేవే కదా, అదీ ఇదీ ఒకేసారి జరిగింది, అంతే అని నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకోవడం తేలికే.

బతుకమ్మ పండుగకు రేణుక ఇంటికి తిరిగి వచ్చింది. పువ్వులు పేర్చింది, వాడకట్టు ఆడవాళ్ళతో ఆడింది, నవ్వింది. నాకు అదే చాలనిపించింది. పోరిని దూరం నుంచి చూపించమంటే మేడంను అడుగుతానన్నాను. రేణుకే వద్దంది. "ఇగ దానికి నాతోటి పనేముంది బావా?" అంది. నువ్వే ఇచ్చావా, ఎలా ఇచ్చావు అని నేను ఆమెను మళ్ళీ అడగలేదు. అడిగితే ఏం చెబుతుందోనని భయం.

ఆ తర్వాత సంస్థ మూతపడింది, గబ్బిలాలను వేరే ఊరికి పంపారు. నేను చర్లపల్లిలో ఒక ఫ్యాక్టరీ స్టోర్‌లో చేరాను. తెలంగాణ వచ్చిన ఏడాది మాకు మళ్ళీ ఆడపిల్ల పుట్టింది. ఈసారి పుట్టగానే దవాఖానా పైకప్పు ఎగిరిపోయేలా ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు.

బిడ్డకు పాలు ఎలా పట్టాలో చూపించడానికి సిస్టర్ వచ్చింది. వచ్చేసరికే రేణుక బిడ్డను రొమ్ముకు ఆనించుకుని, తల కింద చేయి పెట్టి, ఎన్నో ఏళ్ళ అలవాటు ఉన్నట్టు కూర్చుంది. బిడ్డ గుటుకు గుటుకున తాగుతోంది. సిస్టర్ మెచ్చుకుని, "పెద్దపిల్లకు బాగనే ఇచ్చినట్టున్నవ్ గదమ్మా" అంది.

"లేదు బిడ్డా" అంది మా అత్త. "ఆ పిల్ల నోట్లె చుక్క వడకుంటనే పాయె."

సిస్టర్ మొహం చిన్నబోయింది. రేణుక మాత్రం బిడ్డ మీది నుంచి చూపు తిప్పకుండానే అంది. "ఇంకో పిల్లకిచ్చిన సిస్టర్. అది బతికింది."

సిస్టర్ ఎవరి పిల్లో అనుకుని, పుణ్యాత్మురాలివమ్మా అని వెళ్ళిపోయింది. మా అత్త నా వైపు చూసింది. నేను ఏం చెప్పాలి? దయ్యాలు లేవని వాదించడానికి నా దగ్గర ఇప్పటికీ బోలెడు మాటలున్నాయి. ఆ ఒక్క మాటకు ఎదురుచెప్పడానికి ఒక్కటీ దొరకలేదు, ఇన్నేళ్ళుగా వెతుకుతూనే ఉన్నాను.